పేరు తుడిచినంతనే మనిషి మరుగుపడునా?
(కృత్రిమ మేధయందు వ్యక్తిగత గోప్యత - ఒక విమర్శ)

కృత్రిమ మేధ అనగా వేలు, లక్షలు ఉదాహరణలను చూచి, వానిలోని పోలికలను పట్టుకొని, కొత్త ప్రశ్నకు జవాబు చెప్పు కంప్యూటరు విధానము. ఎక్స్-రే చిత్రమునుబట్టి వ్యాధిని ఊహించుటకైనను, ముఖమునుబట్టి మనిషిని పోల్చుటకైనను, సగము వ్రాసిన వాక్యమును పూర్తి చేయుటకైనను యంత్రమునకు ముందుగా పాఠము చెప్పవలెను. ఆ పాఠములు మనుష్యుల జీవితములనుండియే వచ్చుచున్నవి. ఆసుపత్రి చీటీలు, ఛాయాచిత్రములు, ఉత్తరములు, మార్కుల పట్టికలు, అంగడిలో కొన్న సరకుల జాబితాలు - ఇవన్నియు యంత్రము చదువు పుస్తకములే.

ఇట్టి సమాచారమును సేకరించు సంస్థలు ప్రజలకు సాధారణముగా నాలుగు హామీలు ఇచ్చుచుండును. "పేర్లు తీసివేసితిమి" అన్నది మొదటిది. "యంత్రము సారమునే నేర్చుకొన్నది, ఎవరి వివరమును దానిలో మిగులలేదు" అన్నది రెండవది. "మీ సమాచారము మీ ఫోను దాటి రాదు" అన్నది మూడవది. "మీరు అంగీకరించిన మీదటనే తీసికొంటిమి" అన్నది నాలుగవది. వినుటకు నాలుగును బాగుగనే యున్నవి. వీనిలో ఏది ఎంతవరకు నిలుచునో పరీక్షింపవలసియున్నది. బరువు, ఉష్ణోగ్రత, విద్యుత్తు వంటి విషయములలో మాటను నమ్మక కొలతను అడుగుట విజ్ఞానశాస్త్రపు అలవాటు. గోప్యత విషయములోను అదే అలవాటు పాటింపవలెను.

పేరు లేని మనిషి

మొదటి హామీని పరీక్షించుటకు ఉన్నత పాఠశాల గణితము చాలును. ఒక పిన్‌కోడు పరిధిలో 30,000 మంది నివసించుచున్నారనుకొందము. 80 సంవత్సరములలో సుమారు 29,200 దినములు గలవు. స్త్రీ పురుష భేదమునుబట్టి దీనిని రెండుతో గుణించినచో 58,400 గళ్లు ఏర్పడును. 30,000 మందిని ఈ గళ్లలో సమముగా చల్లినట్లు భావించి సంభావ్యతను లెక్కించినచో, నూటికి దాదాపు 60 మంది తమ గడిలో ఒంటరిగా నుందురు. అనగా పిన్‌కోడు, పుట్టిన తేదీ, స్త్రీయో పురుషుడో అన్న వివరము - ఈ మూడును పట్టికలో నిలిచియున్నచో ఆ 60 మందిని గుర్తించుటకు పేరుతో పనిలేదు. వాస్తవమునకు జనులు అన్ని వయస్సులలోను సమముగా నుండరు. అయినను లెక్క చూపు దిశ మారదు.

ఇది కాగితముపై లెక్క మాత్రమే కాదు. 1990వ దశకములో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య బీమా వ్యవహారములు చూచు సంస్థ, ఉద్యోగుల వైద్య వివరములను పేర్లు తొలగించి పరిశోధకులకు ఇచ్చెను. అప్పటికి విద్యార్థినిగా నున్న లటాన్యా స్వీనీ, కేంబ్రిడ్జి నగరపు ఓటర్ల జాబితాను 20 డాలర్లకు కొని, రెండు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి చూచెను. ఆ రాష్ట్ర గవర్నరు విలియం వెల్డ్ కేంబ్రిడ్జి నివాసి. ఆయన పుట్టిన తేదీయే గలవారు ఓటర్ల జాబితాలో ఆరుగురు. వారిలో పురుషులు ముగ్గురు. ఆయన తపాలా సంకేతము గలవాడు ఒక్కడే. గవర్నరుగారి వైద్య వివరములు ఆ విధముగా బయటపడినవి.

ఇందుకు విరుగుడుగా స్వీనీ 2002లో ఒక నియమమును ప్రతిపాదించెను. పట్టికలోని ప్రతి మనిషిని పోలినవారు కనీసము కొందరుండునట్లు వివరములను మొరటుగా చేయవలెనని దాని భావము. పుట్టిన తేదీకి బదులు సంవత్సరము, పిన్‌కోడుకు బదులు జిల్లా వ్రాయుట ఇట్టిదే. దీనిని "కె-అనామకత్వము" అందురు. ఆలోచన మంచిదే గాని లోపము లేకపోలేదు. పోలికగల పదిమందిలో పదిమందికిని క్షయవ్యాధియే యున్నచో, వారిలో ఫలానావాడు ఎవరో తెలియకపోయినను అతని వ్యాధి తెలియును. 2006లో అశ్విన్ మాచనవజ్ఝల ప్రభృతులు ఈ లోపమునే ఎత్తిచూపిరి.

గవర్నరు ప్రసిద్ధుడు కావున దొరికెనని తోసివేయుటకును వీలులేదు. నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2006లో ఒక పోటీ కొరకు, సుమారు 4,80,000 మంది ఖాతాదారులు చిత్రములకు ఇచ్చిన 10 కోట్ల మార్కులను పేర్లు లేకుండ ప్రకటించెను. అర్వింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ అను పరిశోధకులు 2008లో దానిని పరిశీలించిరి. ఒక మనిషి చూచిన చిత్రములలో ఎనిమిదింటికి అతడిచ్చిన మార్కులు తెలిసినచో - అందు రెండు తప్పైనను, తేదీలలో రెండు వారముల తేడా యున్నను - నూటికి 99 ఖాతాలను విడదీసి చూపవచ్చునని తేల్చిరి. సినిమాలపై అభిరుచి రహస్యమని ఎవరును అనుకొనరు. కాని అనేక చిన్న వివరములు ఒకచోట చేరినపుడు వేలిముద్రవలె పనిచేయును. పట్టికలో ఏ గడి "హానిలేనిది" అని ముందుగా చెప్పుటకు వీలులేదని దీనివలన తెలియుచున్నది.

యంత్రమునకు గల జ్ఞాపకము

పట్టికను ఎవరికిని ఇయ్యక, దానినుండి నేర్చుకొన్న యంత్రమును మాత్రమే ఇచ్చినచో చాలదా అని రెండవ హామీ ప్రశ్నించును. ఉపాధ్యాయులకు దీని జవాబు అనుభవములోనిదే. పాఠమును అర్థము చేసికొనిన విద్యార్థియు, కంఠస్థము చేసిన విద్యార్థియు పరీక్షలో ఒకే మార్కులు తెచ్చుకొనవచ్చును. తేడా కొత్త లెక్క ఇచ్చినపుడు బయటపడును. యంత్రములును అట్లే కొంత అర్థము చేసికొనును, కొంత బట్టీపట్టును. తాను ముందు చూచిన ఉదాహరణ మరల ఎదురైనపుడు అది సామాన్యముగా ఎక్కువ ధీమాతో జవాబు చెప్పును. ఈ ధీమాలోని తేడానుబట్టి, ఫలానా మనిషి వివరము యంత్రమునకు పాఠముగా చెప్పబడినదో లేదో కనిపెట్టవచ్చునని రెజా షోక్రీ ప్రభృతులు 2017లో నిరూపించిరి. ఒక యంత్రము కేవలము ఒక వ్యాధి గల రోగుల వివరములతోనే తయారైనదనుకొనుడు. అందులో ఒకని వివరము గలదని తెలియుటయే అతని వ్యాధిని తెలిసికొనుట యగును.

భాషా యంత్రముల విషయము మరింత స్పష్టము. ఓపెన్‌ఏఐ సంస్థ 2019లో విడుదల చేసిన జి.పి.టి.-2 అను యంత్రమును నికొలాస్ కార్లినీ ప్రభృతులు పరీక్షించి 2021లో ఫలితములు ప్రకటించిరి. యంత్రముచేత విస్తారముగా వ్రాయించి, అందు అనుమానము కలిగించిన 1,800 భాగములను ఏరి చూడగా, 604 భాగములు అది నేర్చుకొన్న పాఠములోనివే అక్షరము పొల్లుపోకుండ వచ్చినవి. వానిలో కొన్నిట మనుష్యుల పేర్లు, ఫోను నంబర్లు, చిరునామాలు గూడ నుండెను. పెద్ద యంత్రము చిన్నదానికంటె ఎక్కువ బట్టీపట్టునని గూడ ఆ పరీక్షలో తేలెను. అప్పటినుండి యంత్రముల పరిమాణము ఎన్నో రెట్లు పెరిగినది.

ఇందులోనే మరియొక చిక్కు గలదు. నోటుపుస్తకములో ఒక పుట అక్కరలేదనినచో చింపివేయవచ్చును. యంత్రము నేర్చుకొన్నది కోట్లకొలది సంఖ్యలలో కలిసిపోయి యుండును. ఒక మనిషి వివరము ఏ సంఖ్యలో నున్నదో వ్రేలు పెట్టి చూపలేము. ఆ వివరము లేకుండ మొదటినుండి మరల నేర్పుట ఒక్కటే నిశ్చయమైన మార్గము. అది మిక్కిలి ఖర్చుతో కూడినది. కావున "కోరినచో తొలగింతుము" అన్న మాట పట్టిక విషయములో సులభము, యంత్రము విషయములో కష్టము. ఇచ్చుటకు ముందే ఆలోచింపవలసిన అవసరము ఇందువలననే కలుగుచున్నది.

ఫోను దాటని సమాచారము

గూగుల్ సంస్థలోని మక్‌మహన్ ప్రభృతులు 2016లో ఒక కొత్త పద్ధతిని ప్రతిపాదించిరి. దీనిని "ఫెడరేటెడ్ లెర్నింగ్" అందురు. తెలుగులో "వికేంద్రీకృత శిక్షణ" అనవచ్చును. సమాచారమును ఒకచోటికి తెచ్చుటకు బదులు యంత్రపు నకలును ప్రతి ఫోనుకును పంపుదురు. అది అక్కడి సమాచారముతో అక్కడనే నేర్చుకొని, తనలో కలిగిన మార్పులను మాత్రమే కేంద్రమునకు తిరిగి పంపును. ఫోనులో అక్షరములు కొట్టునపుడు తరువాతి మాటను సూచించు సదుపాయములో ఈ పద్ధతి ఆచరణలోనికి వచ్చినది.

ఈ పద్ధతి మొదటి రెండింటికంటె మెరుగైనదే. అయినను మార్పుల జాబితా కూడ మాట్లాడును. విద్యార్థి చదివిన పుస్తకమును దాచి, అతడు వ్రాసికొనిన తప్పొప్పుల పట్టికను మాత్రము చూపినచో, నేర్పరియైన ఉపాధ్యాయుడు పుస్తకమేదో ఊహింపగలడు. లిగెంగ్ ఝు, ఝిజియాన్ లియు, సాంగ్ హాన్ అనువారు 2019లో సరిగా ఇదే చేసిరి. యంత్రము పంపిన మార్పులనుండియే అది చూచిన చిత్రములను తిరిగి నిర్మించి చూపిరి. అందుచేత అనేక ఫోనుల మార్పులను ఒక్కొక్కటిగా కాక, కూడిన మొత్తమునే కేంద్రము చూడగలుగునట్లు సంకేత పద్ధతులను జోడించుచున్నారు. అప్పటికిని ఒక ప్రశ్న మిగులును: మొత్తము చూపినచో మనిషి దాగునా?

దీనికి తరగతిగదిలోనే జవాబు గలదు. 40 మంది గల తరగతి సగటు 62 మార్కులని ప్రకటించిరి. మరునాడు ఒక విద్యార్థి బదిలీ తీసికొని వెళ్లెను. మిగిలిన 39 మంది సగటు 63 అని ప్రకటించిరి. మొదటి మొత్తము 2,480, రెండవది 2,457. వెళ్లిన విద్యార్థికి వచ్చినవి 23 మార్కులు. ప్రకటించినవి రెండును సగటులే, ఏ విద్యార్థి మార్కులును ఎవరును చెప్పలేదు. అయినను రహస్యము నిలువలేదు.

కొలతగల గోప్యత

ఈ చిక్కుకు సరియైన ఆలోచన చాల పాతది. సిగ్గుపడు ప్రశ్నలకు జనులు నిజము చెప్పరని గ్రహించి, స్టాన్లీ వార్నర్ 1965లో ఒక ఉపాయము కనిపెట్టెను. దానిని నాణెముతో తరగతిలో చేసి చూపవచ్చును. "పరీక్షలో ఎప్పుడైనను చూచి వ్రాసితివా?" అని 400 మంది విద్యార్థులను అడుగవలెననుకొందము. ప్రతివాడును చాటుగా నాణెము ఎగురవేయును. బొమ్మ పడినచో నిజము చెప్పవలెను. బొరుసు పడినచో మరల ఎగురవేసి, ఈసారి బొమ్మకు "అవును" అనియు, బొరుసుకు "కాదు" అనియు చెప్పవలెను. మొత్తము 160 మంది "అవును" అనిరనుకొందము. సుమారు 200 మందికి జవాబు చెప్పించినది రెండవ నాణెమే. వారిలో "అవును" అన్నవారు సుమారు 100. మిగిలిన 60 "అవును"లు నిజము చెప్పిన 200 మందివి. అనగా నూటికి 30 మంది చూచి వ్రాసినారని అంచనా. తరగతి స్థితి తెలిసినది. కాని "అవును" అన్న ఏ ఒక్క పిల్లవానినైనను నిలదీసినచో, "నాణెము చెప్పించినది" అని తప్పించుకొనగలడు.

కావలెనని కలిపిన ఈ తప్పునకు కొలత గలదు. చూచి వ్రాసినవాడు "అవును" అను అవకాశము నాలుగింట మూడు. వ్రాయనివాడు అను అవకాశము నాలుగింట ఒకటి. నిష్పత్తి 3. సింథియా డ్వర్క్, ఫ్రాంక్ మక్‌షెర్రీ, కొబ్బి నిసిమ్, ఆడమ్ స్మిత్ అనువారు 2006లో ఈ నిష్పత్తినే గోప్యతకు కొలబద్దగా చేసిరి. ఒక మనిషి వివరము పట్టికలో ఉన్నను లేకున్నను, వచ్చు జవాబుల సంభావ్యత ఒక హద్దుకు మించి మారరాదని వారి నియమము. దీనిని "డిఫరెన్షియల్ ప్రైవసీ" అందురు. "వ్యత్యాస గోప్యత" అనుట అర్థమునకు దగ్గర. ఆ నిష్పత్తి యొక్క సహజ సంవర్గమానమును ఎప్సిలాన్ అను గ్రీకు అక్షరముతో సూచింతురు. నాణెపు ఉపాయమునకు ఎప్సిలాన్ సుమారు 1.1. సంఖ్య ఎంత చిన్నదైన గోప్యత అంత గట్టిది. ఈ పరిశోధనకు 2017లో గోడెల్ బహుమానము లభించెను.

నాలుగు హామీలలో లేనిది ఈ పద్ధతిలో ఉన్నది: సంఖ్య. అయితే ఇదియు విమర్శకు అతీతము కాదు.

మొదటి విమర్శ - గోప్యతకు వెల గలదు. మార్టిన్ అబాది ప్రభృతులు 2016లో, చేతివ్రాత అంకెలను గుర్తించు యంత్రమునకు ఈ పద్ధతిలో పాఠము చెప్పిరి. గోప్యత లేనపుడు నూటికి 98.3 అంకెలను సరిగా పోల్చిన యంత్రము, ఎప్సిలాన్ 8 అయినపుడు 97, 2 అయినపుడు 95, 0.5 అయినపుడు 90 మాత్రమే పోల్చగలిగెను. అంకెల విషయములో ఇది చిన్న నష్టము. రోగనిర్ణయములో అంత తేలికగా తీసికొనరాదు.

రెండవ విమర్శ - పేరును చూచి మోసపోరాదు. ఎప్సిలాన్ 0.5 అయినచో పైన చెప్పిన నిష్పత్తి సుమారు 1.65. అది 2 అయినచో 7.4, 8 అయినచో దాదాపు 2,980! అమెరికా జనగణన శాఖ 2020 జనాభా లెక్కలలో, నియోజకవర్గముల విభజనకు ఇచ్చిన పట్టికలయందు ఈ పద్ధతిని వాడి, ఎప్సిలాన్ 19.61 అని ప్రకటించెను. ఆ సంఖ్యకు నిష్పత్తి 30 కోట్లు దాటును. ఇది పై హద్దు మాత్రమే. వాస్తవమైన హాని దానికంటె చాల తక్కువగా నుండవచ్చును. అయినను "వ్యత్యాస గోప్యత పాటించితిమి" అన్నంతమాత్రమున తృప్తిపడరాదనుటకు ఇది చాలిన నిదర్శనము. సంఖ్యను బహిరంగముగా చెప్పినందుకు ఆ శాఖను మెచ్చుకొనవలెను. చెప్పినందువలననే దానిపై చర్చ సాధ్యమైనది.

మూడవ విమర్శ అన్నిటికంటె ముఖ్యము. నాణెపు ఉపాయములో 400 మంది యున్నపుడు అంచనాలో తప్పు నూటికి సుమారు 5 అటునిటు. 20 మంది మాత్రమే యున్నచో అది 22 వరకు పోవును. అట్టి అంచనా దేనికిని పనికిరాదు. కలిపిన తప్పు పెద్ద గుంపులో కరగిపోవును, చిన్న గుంపును ముంచివేయును. యూజీన్ బగ్దాసర్యాన్ ప్రభృతులు 2019లో దీనిని ప్రయోగపూర్వకముగా చూపిరి: గోప్యతతో నేర్పినపుడు, ఉదాహరణలు తక్కువగా నున్న వర్గములవారి విషయములో యంత్రపు నేర్పు ఎక్కువగా దిగజారును. అరుదైన వ్యాధి గలవారు, అల్పసంఖ్యాకులు, తక్కువమంది మాట్లాడు భాషలవారు - గోప్యత ఎక్కువ అవసరమైన వీరే దాని వెలను ఎక్కువగా చెల్లించుచున్నారు. దీనికి ఇంకను పూర్తి పరిష్కారము దొరకలేదు.

అంగీకారము, చట్టము

మిగిలినది నాలుగవ హామీ. గోప్యత పౌరుని ప్రాథమిక హక్కు అని భారత సర్వోన్నత న్యాయస్థానపు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి వ్యాజ్యములో ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. 2025 నవంబరులో దాని నియమములు ప్రకటింపబడి, దశలవారీగా అమలు జరుగునట్లు ఏర్పాటైనది. అంగీకారము స్వేచ్ఛగా, నిర్దిష్టముగా, తెలిసి ఇచ్చినదిగా నుండవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. 18 సంవత్సరములు నిండనివారి విషయములో తల్లిదండ్రుల అంగీకారమును నిర్ధారించుకొనవలెను. తగిన రక్షణ కల్పింపని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును.

ఇవి మెచ్చదగినవే. కాని ఎవరైనను తమంతట తాము బహిరంగముగా ప్రకటించిన సమాచారమునకు ఈ చట్టము వర్తింపదు. ఒకడు బంధుమిత్రులు చూతురని అందరికిని కనబడునట్లు పెట్టిన ఛాయాచిత్రము, ముఖములను పోల్చు యంత్రమునకు పాఠము కావచ్చును. ఆ రెండవ ఉపయోగమును అతడు ఊహించియైన నుండడు. ఎప్సిలాన్ వంటి కొలతను గూడ చట్టము అడుగలేదు. పైగా అంగీకారమునకే స్వభావసిద్ధమైన పరిమితి గలదు. చిన్న వివరములు కలిసి వేలిముద్ర యగునని తెలియనివాడు, ఒక్కొక్క వివరమునకు "సరే" అనుచు పోవును. తెలిసి ఇచ్చుట అనగా ముందు తెలియుట యుండవలెను. ఆ తెలివిని కలిగించు బాధ్యత పాఠశాలపై గూడ నున్నది.

పాఠశాలలోనికి ఇపుడు హాజరుకు ముఖములను గుర్తించు యంత్రములును, పిల్లల నేర్పును అంచనా వేయు సాధనములును ప్రవేశించుచున్నవి. అట్టి సాధనము వచ్చినపుడు ఉపాధ్యాయుడు అడుగవలసిన ప్రశ్నలు ఇవి. ఏ వివరములు తీసికొందురు, అవన్నియు నిజముగా అవసరమా? వానితో యంత్రమునకు పాఠము చెప్పుదురా? చెప్పినచో ఒక పిల్లవాని వివరము బయటపడకుండ కాపాడు కొలత ఏది, దాని విలువ ఎంత? పిల్లవాడు బడి విడిచిన తరువాత పట్టికలోనిది తుడిచివేయుదురు సరే, యంత్రములోనిది ఏమగును? అన్నిటికంటె తీసికొనకుండుట తేలికైన రక్షణ. ముఖమును చూపకనే హాజరు పలుకవచ్చును.

ఉష్ణమాపకము లేని కాలమున జ్వరమును చేతితో తాకి చెప్పెడివారు. ఉష్ణమాపకము వచ్చిన తరువాత "కొంచెము వేడిగా నున్నది" అన్న మాటతో వైద్యుడు తృప్తిపడడు. గోప్యతకును ఇపుడు కొలబద్ద ఏర్పడినది. అది ఇంకను మొరటుదే. చిన్న గుంపులకు న్యాయము చేయలేకున్నది. దానిని సవరించు పని రేపటి గణితశాస్త్రజ్ఞులది, అనగా నేడు తరగతులలో కూర్చున్నవారిది. అంతవరకు, "మీ రహస్యము భద్రము" అని ఎవరైనను హామీ యిచ్చినపుడు, "ఎంత భద్రము?" అని అడుగుటకు విద్యార్థులు వెనుదీయరాదు.